ఎదుటి పక్షానికి బుద్ధి కావాలి

మా రోజుల్లో పులి-మేక ఆటకు రెండో భాగం రాలేదు. కావాలని ఎవరూ అడగనూ లేదు. అరుగు మీది నాపరాయికి సుద్దతో గీతలు గీస్తే 23 స్థానాలు. 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మేకలను ఒక్కొక్కటే దించాలి, పదిహేనూ దిగేదాకా దించినదాన్ని కదపకూడదు. ఆ ఒక్క నియమంలోనే ఆటంతా ఉంది. ఆలోచించకుండా పెట్టిన మేక అక్కడే ఇరుక్కుపోయి, ఎప్పుడో పులి నోట పడేది. అందుకే మాచర్ల వైపు పెద్దవాళ్లు ఒక్క ఎత్తుకు చుట్ట సగం కాలేదాకా కూర్చునేవాళ్లు. తొందరపెట్టడం మర్యాద కాదు.

ఆ అలవాటుతోనే నేను కంప్యూటరు ఆటల్లోకి వచ్చాను. సిడ్ మేయర్ ‘సివిలైజేషన్’ 1991 నాటిది. నరసరావుపేటలో మా చేతికి దొరికేసరికి 1996 నాటి రెండో భాగం కూడా వచ్చేసింది. క్రీస్తుపూర్వం 4000లో ఊరు కట్టుకోవడంతో మొదలై అంతరిక్ష నౌక దాకా సాగే ఆట. ఆ తర్వాత 1999లో ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ మూడో భాగం. ఒకే కంప్యూటరు ముందు వంతులవారీగా ఆడేవాళ్లం. వంతు అయిపోయినవాడు లేచి గుమ్మం బయట నిలబడాలి, ఎదుటివాడి కోట చూడకూడదు. చూస్తే తగాదాయే.

2002లో ‘హీరోస్’ నాలుగో భాగం వచ్చింది. సైనికులను పై మెట్టుకు పెంచుకునే పద్ధతి తీసేశారు, నాయకుడినే యుద్ధంలోకి దింపారు. చాలామంది మళ్లీ మూడో భాగానికే వెళ్లిపోయారు. ఇప్పటికీ దాన్నే ఆడుతున్నారు, పాతికేళ్లు దాటినా.

కొత్తదంటే గిట్టక ఈ మాట అనడం లేదు. 2010లో ‘సివిలైజేషన్’ ఐదో భాగం చదరపు గళ్లు తీసేసి ఆరు పలకల గళ్లు తెచ్చింది, ఒక గడిలో ఒకే దండు ఉండాలంది. అంతకుముందు ఎన్ని దండులనైనా ఒకే గడిలో పోగేసి తోసేసేవాళ్లు. ఆ మార్పు నాకు వెంటనే నచ్చింది. ఒక స్థానంలో ఒకే కాయ, మా పులి-మేకలో ఉన్నదే. ఏ కొండ పక్కన ఎవరిని నిలపాలి, కనుమ ఎవరు కాయాలి, ప్రతి ఎత్తుకూ విలువ పెరిగింది. మార్పంటే అలా ఉండాలి.

కానీ కంప్యూటరు పక్షానికి ఆ ఆట రాలేదు. విలుకాళ్లను ముందుకు తోసి చంపించుకుంటుంది. నా అసలు గోడు ఇక్కడే. కష్టమైన లెవెల్ పెడితే ఎదుటి పక్షానికి బుద్ధి పెరగదు, మొదట్లోనే అదనపు వలస గుంపులూ దండులూ ఉచితంగా చేతికొస్తాయి. ‘అందుకే కష్టం తాతయ్యా’ అంటాడు మా మనవడు. అది కష్టం కాదురా, అన్యాయం. పులి-మేకలో గొప్ప ఆటగాడికి నాలుగో పులిని ఎవరూ ఇవ్వలేదు. అవే మూడు పులులతో గెలిచేవాడు కాబట్టే అతణ్ని గొప్పవాడన్నాం. భాగం మారినప్పుడల్లా బొమ్మలకు మెరుగు, సంగీతానికి మెరుగు. ఎదుట కూర్చున్న పక్షం మాత్రం అంతే మందంగా ఉంటోంది.

మూడింట ఒక వంతు పాతది ఉంచాలి, ఒక వంతు మెరుగుపరచాలి, ఒక వంతు కొత్తది పెట్టాలి అన్నది ‘సివిలైజేషన్’ వాళ్లు పాటిస్తామని చెప్పే లెక్క. లెక్క మంచిదే. ఏ వంతు ఉంచాలన్న దగ్గరే పొరపాటు జరిగింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడో భాగంలో ఆట మూడు యుగాలు. వచ్చిన కొత్తలో యుగం మారితే రాజ్యమూ మారాల్సిందే. మౌర్యులతో మొదలుపెట్టినవాడు చోళుడవుతాడు, చోళుడు మొఘలవుతాడు. నడుస్తున్న యుద్ధాలు అక్కడికక్కడే ఆగిపోతాయి. గంటలకొద్దీ కూర్చుని కట్టుకున్నది నాది అనుకునే లోపే పేరు మారిపోతే ఇక దేనికి ఆడాలి? ఆటగాళ్లు గట్టిగానే అడిగారు. ఒకే రాజ్యంతో చివరిదాకా ఆడే దారి చూస్తున్నామని తయారీదారులు తర్వాత చెప్పవలసి వచ్చింది.

మధ్యలో పక్షం మారితే ఆట ఉండదని పల్నాటివాళ్లకు చెప్పనక్కర్లేదు. కారంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి యుద్ధ వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. జరగబోయేది జనానికి తెలుసు, అయినా వస్తారు. కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం మాట ప్రకారం మాచర్ల విడిచి ఏడేళ్లు వలసపోయింది. గడువు తీరాక అదే పక్షం, అదే పగతో, తమ రాజ్యం తమకిమ్మని అడిగింది. రాయబారానికి ఎదుటి పక్షం ఉన్న గురజాల వెళ్లిన అలరాజు ప్రాణం పోయింది. యుద్ధం వచ్చింది. ఆ ఏడేళ్లు గడవగానే పక్షాలు మారిపోయి, పాత పందెం చెల్లదని ఉంటే పల్నాటి కథే లేదు.

హైదరాబాదులో ఆటలు తయారుచేసే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా వంతులవారీ ఆటకు రెండో భాగం చేయబోతుంటే ఈ పెద్దవాడి మాట ఒకటి వినండి. బొమ్మల మీద పెట్టే డబ్బులో సగం ఎదుటి పక్షాన్ని ఆడించే బుద్ధి మీద పెట్టండి. ఓడిపోయినా ఫర్వాలేదు, మళ్లీ కూర్చుంటాం.