గిరికీ

మా పక్క వీధినాటకంలో పద్యం మరిచిపోయిన దుర్యోధనుడు ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? తడబడడు. గొంతు సవరించుకోడు. గద భుజాన వేసుకుని గిర్రున ఒక గిరికీ కొడతాడు. గజ్జెలు ఘల్లుమంటాయి, భుజకీర్తుల అద్దాలు తళతళమంటాయి, మద్దెల ఆయన జోరు పెంచుతాడు. ఈ సందట్లో హార్మోనియం దగ్గరున్న గురువు పోయిన ముక్కను మెల్లగా అందిస్తాడు. తిరగడం ఆగేసరికి పద్యం నోట్లోకి వచ్చేసి ఉంటుంది. జనం ఈలలు వేస్తారు. ముందు వరసలో గోనెపట్టా మీద కూర్చున్న అవ్వ ఒక్కతే వక్కాకు నములుతూ తేల్చేస్తుంది: "నాయనకు పద్యం పోయింది."

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు కొంగులు పట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఆఖరి రోజు మట్టితో చేసిన మహాకాయ దుర్యోధనుడి చుట్టూ భీమసేనుడు తన శత్రువును తరుముతాడు. ఇన్ని రాత్రులు మేలుకుని పెరిగిన జనానికి భారతంలోని ధర్మసూక్ష్మాలు ఎంత పట్టుబడ్డాయో చెప్పలేను గానీ, గిరికీ మాత్రం బాగా పట్టుబడింది.

కర్రసాము వాళ్లదీ ఇదే విద్య. నలుగురు చుట్టుముట్టినప్పుడు కర్రతో పాటు మనిషి కూడా తిరుగుతుంటే ఎవడికీ వీపు దొరకదు. వేషగాడు మరుపును దాచుకోవడానికి తిరుగుతాడు, సాముగాడు వీపును దాచుకోవడానికి తిరుగుతాడు. మావాళ్లకు రెండు అవసరాలూ ఉన్నాయి. అందుకే ప్రశ్న మీదికొస్తే నిజం చెప్పరు, అబద్ధమూ చెప్పరు. తిరుగుతారు.

ఇంతలా తిరిగినా కళ్లు ఎందుకు తిరగవని మీరు అడగొచ్చు. బాలే నర్తకులు దానికో కిటుకు కనిపెట్టారు. ఒళ్లు తిరుగుతున్నా చూపును ఎదురుగా ఒకే చోట నిలిపి ఉంచుతారు. ఇక కుదరదన్నప్పుడు తల చటుక్కున తిప్పి, చూపును మళ్లీ అదే చోటికి తెచ్చేస్తారు. ఈ కిటుకు కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. మా దగ్గర ఒకానొక కార్యాలయంలో ఒక గుమాస్తా ఉన్నాడు. పొలం కాగితాల సంగతి ఎత్తగానే ఆయన చూపు గోడమీది వెంకన్న క్యాలెండరు మీద నిలుస్తుంది. అక్కడినుంచి మొదలు. "మీది ఏ ఊరు సార్? ఓ, ఆ ఊరా! ఈసారి చెరువు నిండిందా? కట్ట మీద పెద్ద చింతమాను ఉండల్ల, ఉండాదా, కొట్టేసినారా?" చింతమాను కథంతా నేనే పూసగుచ్చినట్టు చెప్పి, మా ఇద్దరికీ టీ కూడా తెప్పించి, సంతోషంగా రోడ్డు మీదికి వచ్చాక గానీ నాకు కాగితాలు గుర్తుకు రాలేదు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. అంత అందంగా తిరిగినవాడి మీద కోపమెట్లా వస్తుంది?

మదనపల్లె టమోటా మండీలో తిరిగే గిరికీ వేరు. దాన్ని నేను న్యాయమైనదిగానే లెక్కేస్తాను. "రేపు రేటు ఎట్లుంటాదినా?" అని మండీ వ్యాపారిని అడగండి. "నాసిక్‌లో వానలంట. కోలారు పక్క తోటలు శానా వేసినారంట. ఢిల్లీకి లారీలైతే పోతాండాయి" అంటాడు. అన్నీ నిజాలే, రేటు ఒక్కటే ఉండదు. పాపం, ఆయన మాత్రం ఏం చెబుతాడు? 2023 జులైలో కిలో 200 రూపాయల దరిదాపుకు ఎక్కి కూర్చున్న టమోటా, సెప్టెంబరు తిరిగేసరికి నేలకు దిగిపోయింది. సరుకే అంత లాఘవంగా తిరుగుతుంటే మనిషి నిటారుగా నిలబడి జవాబు చెప్పాలనడం అన్యాయం.

ఈ ఊరి పరువు కాపాడటానికి నేనూ నా వంతు తిరుగుతుంటాను. బయటినుంచి వచ్చిన చుట్టాలు "ఏంది మీ రోడ్లు ఇట్లుండాయి?" అన్నారనుకోండి, వెంటనే ఠాగూరును దించుతాను. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది మా బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలోనే, 1919 ఫిబ్రవరి 28న. బాణీకి స్వరాలు రాసింది మార్గరెట్ కజిన్స్. ఈ మాట వినగానే ఎంతటివాడైనా గుంతలో నిలబడి ఉన్నా సరే, నిటారుగా నిలబడతాడు. మంచినీళ్ల సంగతి ఎత్తితే 1895లో ఇక్కడే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఉన్నారు. ఆయన పేరు చెప్పాక అవతలివాళ్లు ప్రశ్న మాని తమలోకి తాము చూసుకోవడం మొదలుపెడతారు.

పుంగనూరులో మనిషి తిరగడు, ఆవును తిప్పుతాడు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన దృశ్యాలు టీవీల్లో వచ్చాక, మూడడుగుల ఎత్తు కూడా ఉండని ఆ ఆవును ఇంటి ముందు కట్టుకోవాలని అందరికీ మనసైంది. మా ఇంట్లోనూ అయింది. దూడను చూడటానికి పోయాను.

"పెరిగితే ఎంత ఎత్తొస్తాది?"

"మొహం చూడండి సార్, లక్ష్మీకళ!"

"తల్లి ఎత్తెంత?"

అమ్మేవాడు దూడను ఇటు తిప్పాడు. "తోక చూడండి, నేలను తాకుతాంది."

"ఇది అచ్చం పుంగనూరేనా?"

దూడను అటు తిప్పాడు. ఆయన దూడ చుట్టూ, నేను ఆయన చుట్టూ తిరిగాం. చివరికి నాకే కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. దూడ మాత్రం నింపాదిగా నా తువ్వాలు నమిలింది.

ఇక కుప్పం. అక్కడి మనుషులకు ఉన్న సౌకర్యం మాకు లేదు. మూడు రాష్ట్రాల కూడలి అది. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడ పెట్టింది ఊరికే కాదు. అరటిపళ్లు అమ్మే ఆమె కూడా మూడు భాషల్లో బేరమాడుతుంది. మా బామ్మర్ది ఆ ఊళ్లోనే పట్టుపురుగుల షెడ్డు వేస్తానని నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. "ఎప్పుడిస్తావురా?" అంటే మొదట్లో "పురుగు గూడు కట్టనీ బావా" అనేవాడు. గూళ్లు కట్టాయి, అమ్ముడూ పోయాయి. మళ్లీ అడిగితే "అక్క ఎట్లుండాది బావా? సంగటి తిన్నారా?" అని ఫోను వాళ్ల అక్కకు ఇమ్మన్నాడు. మూడోసారి గట్టిగా పట్టుకునేసరికి తమిళంలోకి తిరిగాడు. "నాళైక్కు పాక్కలాం మచ్చాన్!"

నేనూ పట్టు వదల్లేదు. రజనీకాంత్ సినిమాలన్నీ తమిళంలోనే చూసి, నాలుగు ముక్కలు నేర్చుకుని, ఈసారి తమిళంలోనే నిలదీశాను. అవతల కాసేపు చప్పుడు లేదు. గజ్జెలు వినబడతాయేమో అనుకున్నాను. తర్వాత వాడి గొంతు హాయిగా వచ్చింది. "నాళె నోడోణ భావా!"

తమిళంలో అయినా కన్నడంలో అయినా వాడు చెప్పేది రేపు చూద్దామనే. అయినా వదలదలచుకోలేదు. కన్నడం నేర్పే పుస్తకం ఒకటి తెప్పించాను. దాని ఖరీదు కూడా వాడి బాకీలోనే రాసుకున్నాను.