మ్యాసీకి ఏం పోశారు?

మా పెదనాన్నగారి మ్యాసీ 1035 ట్రాక్టరు వయసెంతని అడిగితే ఆయన "మీ అక్క పెళ్లికి ముందు కొన్నది" అంటారు. దమ్ము, ధాన్యం తోలకం, వినాయక నిమజ్జనం, అన్నీ దానితోనే. అయినా పొద్దున్నే దానికి ఏం తగ్గిందో చూడమంటే మాత్రం ఇంటిల్లిపాదికీ వేరే పనులు గుర్తొస్తాయి.

"ఇంజనాయిల్ చూశావుట్రా?" అంటే "చూశానండీ" అంటాడు డ్రైవరు. చూశాడు, బండి వైపు. గేజి కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ దోపి, మళ్లీ లాగితే రెండు గీతల మధ్య తడి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. తుడవడానికి ఏనాడూ గుడ్డ దొరకదు, లుంగీ అంచు దొరుకుతుంది. ఆ లుంగీలు వరసగా ఆరేస్తే ఏ నెలలో ఆయిల్ ఎంతుందో చదువుకోవచ్చు. ఇంజను ఆపి కాసేపాగి, చదునైన చోట చూడాలంటారు. మా చావిట్లో చదునైన చోటు గేదెలది. అవి జరగవు.

రేడియేటర్ పొగలు కక్కుతుంటే దారిన పోయే ప్రతివాడికీ మూత తిప్పాలని ఆత్రం. లోపలి నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, తీసీతీయగానే మొహం మీదికొస్తాయి. చల్లారేదాకా ఆగమంటే వినరు. ఆపైన పోసేది కాలవ నీళ్లు. వాటిలో సగం ఒండ్రు.

ఈ బండిలో గేర్లదీ లిఫ్టుదీ ఉమ్మడి కాపురం, ఇద్దరికీ ఒకటే ఆయిల్. దమ్ములో నీళ్లు చొరబడితే అది తెల్లబారుతుంది, లిఫ్టు అలుగుతుంది. ఊరంతా పంపు పోయిందని తేల్చేస్తుంది. అడుగు బోల్టు విప్పి చూసేవాడు ఒక్కడూ ఉండడు.

ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పితే మా ఊరి మట్టి రోడ్డు అందులోనే ఉంటుంది. కడిగి, గీత వరకే ఆయిల్ పోయాలి. ప్రేమ ఎక్కువై నిండుగా పోస్తే ఇంజను దాన్నీ లోపలికి లాగేసుకుంటుంది.

సాయంత్రమే ట్యాంకు నింపితే లోపల చెమ్మ పట్టదు. కానీ నిండు ట్యాంకు మీద పక్క పొలం ఆయిల్ ఇంజనుకి కన్నుంటుంది. డీజిల్ అయిపోయి ఎయిర్ పట్టిందా, ఇక జాతరే. స్క్రూ వదులు చేసి, నురగ పోయేదాకా చేతిపంపు కొట్టేవాడొకడు, చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్లు పదిమంది.

మొన్న పండక్కి వచ్చిన బావగారు డబ్బా పట్టుకుని "బ్రేకాయిల్ ఎక్కడ పోయాలి?" అని బండి చుట్టూ తెగ తిరిగారు. ఎక్కడా పోయక్కర్లేదు బావగారూ, ఈ బండికి బ్రేకులు కడ్డీలతోనే పడతాయి. పెడల్ మరీ కిందికి పోతే నట్టు బిగించుకోవడమే.