సిగ్నల్ సారు

వేములవాడలో రాజన్న గుడి చుట్టూ ఎన్ని లాడ్జీలున్నాయో, వాటి వైఫై రోగాలకు మందు చెప్పే సిగ్నల్ సార్లు అంతకు ఒకరు ఎక్కువే ఉంటారు. ఈ జాతి మనిషి జగిత్యాలలోనూ ఉంటాడు, కోరుట్లలోనూ ఉంటాడు. ఎవరూ పిలవనక్కర్లేదు. "నెట్టు ఆగుకుంట వస్తున్నది" అన్న మాట చెవిన పడితే చాలు, చాయ్ సగంలో వదిలేసి లేస్తాడు.

రౌటర్‌ మొహం చూడకముందే రోగం తేల్చేస్తాడు. "గోడల ఇనుప సలాకలున్నయి, సిగ్నల్ ఎట్లొస్తదే?" నిజమే. "అద్దం బీరువా అడ్డమున్నది." అదీ నిజమే. "మైక్రోవేవ్ ఉన్నదా? గదే దొంగ." అబద్ధం కాదు, ఆ పొయ్యీ వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతాయి. శివరాత్రి జనాన్నీ వదలడు: "మనిషంటే సగం నీళ్లే. నీళ్లు సిగ్నల్ తాగుతయి." ఇదీ సైన్సే! సిరిసిల్లకు పోతే మాత్రం మరమగ్గాల చప్పుడుకు ప్యాకెట్లు బెదురుతున్నాయంటాడు. అక్కడ సైన్సు చేతులెత్తేస్తుంది.

సారుకు కారణాలన్నీ తెలుసు. ఈ ఇంట్లో ఉన్నది వాటిలో ఏదో వెతికే ఓపికే లేదు.

మొన్న ఒక లాడ్జీలో, కోడె మొక్కు చెల్లించి వచ్చిన పెద్దమ్మ దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడుతోంది. "అమ్మా, పైసలు పంపి..." అని మాట తెగింది. పంపిన అన్నాడో, పంపియ్యలే అన్నాడో తెలియక ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. సారు వచ్చి రౌటర్‌ను ఈశాన్యానికి తిప్పించాడు. మాట ఇంకాస్త ముక్కలైంది.

లాడ్జీ యజమాని బిడ్డ, ఇంటర్ చదివే పిల్ల, ల్యాప్‌టాప్ తెచ్చి రౌటర్ పక్కనే కూర్చుని, "ఉన్నవా?" అని అడిగినట్టు దానికే పింగ్ కొట్టింది. అంత దగ్గర కూడా జవాబులు మధ్యమధ్య మాయం. తీగ గుచ్చి రౌటర్‌కూ బయటి సర్వర్‌కూ కొట్టింది. ఒక్క జవాబూ తప్పిపోలేదు.

"సారూ, లైను మంచిగనే ఉన్నది, రౌటరూ మంచిగనే ఉన్నది. రోగం గాలిల ఉన్నది."

ఫోన్‌లో వైఫై అనలైజర్ తెరిచి చూస్తే చుట్టుపక్కల లాడ్జీల రౌటర్లన్నీ ధర్మదర్శనం క్యూలోలాగా 6వ ఛానెల్ మీదే తోసుకుంటున్నాయి. 2.4లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మూడే. పిల్ల 11కు మార్చింది. కాల్ తేటగా కలిసింది. కొడుకు పంపియ్యలేదనే చెప్పాడు.

"నేను ముందే అన్న, గాలి రోగమని," అంటూ సారు లేచాడు. ఆ సాయంత్రమే లాడ్జీ లాడ్జీకీ తిరిగి "పదకొండు పెట్టుండ్రి, పదకొండు!" అని పుణ్యం కట్టుకున్నాడు. సోమవారం రద్దీకల్లా ఊరంతా 11 మీదికి చేరింది, 6 ఖాళీ అయింది.

పిల్ల చప్పుడు చేయకుండా మళ్లీ 6కు మార్చుకుంది. ఈసారి సారుకు చెప్పలేదు.