పెచ్చు ఊడింది, బీట లేదు

నేను గుంటూరులో ఒక ఇంటి వాష్‌బేసిన్‌ని. పుట్టిల్లు గుజరాత్‌లోని థాన్. మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ నీళ్లలో కలిపి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో పోశారు. అచ్చు నా నీళ్లు పీల్చేసింది. ఆరాక గ్లేజు చిమ్మి, 1200 డిగ్రీల సెగలో కాల్చారు. బట్టీ దిగేసరికి దాదాపు పదో వంతు చిక్కిపోయాను. అంత సెగ తిన్నదాన్ని, ఒక పానా దెబ్బకి లోకువైపోయాను.

కుళాయి బిగించడానికి వచ్చినతని చేతిలోంచి ఆ పానా జారింది. నా అంచు మీద గోరంత పెచ్చు ఊడింది. పైనున్న గ్లేజు గాజు లాంటిదే కాబట్టి నున్నగా ఉంటుంది. లోపలి ఒళ్లు గరుకు. రెండు వారాల్లో అక్కడ సబ్బు మడ్డి చేరి నల్లబడింది.

"మావయ్యగారూ, ఇది తీయించేసి కొత్తది పెట్టిద్దామండీ" అంది కోడలు.

పెద్దాయన సంతలో కుండ కొనేవాడిలా నన్ను వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమన్నాను. "పెచ్చేనమ్మా, బీట లేదు." బీటే ఉంటే బొంగురుగా మోగేదాన్ని, ఆయనా వదిలేసేవాడు. కమోడ్‌కి బీటొస్తే మాత్రం ఎవరూ అతికించే సాహసం చేయకండి. మనిషి కూర్చున్నప్పుడు విరిగితే ఆ ముక్కలు ఒళ్లు కోసేస్తాయి.

నాకు తుప్పు భయం లేదు. ఇనుము మీద ఎనామిల్ పూసిన బేసిన్లది వేరే జాతి. అయస్కాంతం అంటుకుంటే అవే. వాటికి పెచ్చు లేస్తే ముందు తుప్పు గీకాలి.

పక్కింటాయన వైట్ సిమెంట్ రాసేయమని సలహా ఇచ్చాడు. అంత పలచటి పూతగా సిమెంటు నిలుస్తుందా? పెద్దాయన వినలేదు. ముందు మడ్డి వదిలేదాకా తోమి, స్పిరిట్‌తో తుడిచి, రాత్రంతా ఆరబెట్టాడు. ఇంటిల్లిపాదీ పెరట్లో కుళాయి దగ్గర ముఖాలు కడుక్కుంటూ ఆయన్ని తిట్టుకున్నారు. తడి ఉంటే ఎపాక్సీ జిగురు పట్టదు, ఏం చేస్తాడు! తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌తో దెబ్బ అంచులు రుద్దాడు. అట్టముక్క మీద రెండు ట్యూబుల అరాల్డైట్ ఎపాక్సీ సమంగా పిండి, చిటికెడు తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొడి కలిపాడు. పొడి ఎక్కువైతే జిగి పోతుంది. అగ్గిపుల్ల మొనతో కొంచెం కొంచెంగా గుంటలో నింపి, పైకి ఉబ్బెత్తుగా వదిలాడు. ఒక రోజు గట్టిపడనిచ్చి, 1000 నంబరు కాగితం తడిపి మట్టం చేశాడు. చుట్టూ ఉన్న గ్లేజుకి గీత పడకుండా టేపు అంటించడం నాకు నచ్చింది.

నిజం చెప్పాలంటే అతుకు అతుకే. నిప్పులో వచ్చిన మెరుపు ట్యూబులో రాదు. ఎపాక్సీ కాలక్రమేణా పసుపెక్కుతుంది కూడా. పనమ్మాయి యాసిడ్ సీసా ఎత్తితే చాలు, అతుకు పాడవుతుందని పెద్దాయన కేక వేస్తాడు.

కోడలు ఆ చోట సబ్బుపెట్టె పెడుతుంది. చుట్టాలొస్తే ఆయన దాన్ని పక్కకి జరిపి, "ఎక్కడ ఊడిందో చెప్పండి చూద్దాం" అంటాడు. అందరూ తడుముకోకుండా అక్కడే వేలు పెడతారు.