ఎక్స్ గారు కాస్త ఆగాలి

“నిన్న ఎక్స్ విలువ 5 అన్నారు, ఇవాళ 3 అంటున్నారు. ఏది నిజం సార్?”

ఏడో తరగతికి సామాన్య సమీకరణాలు మొదలుపెట్టిన మర్నాడు ఈ ప్రశ్న రాలేదంటే క్లాసులో ఎవరూ వినడం లేదన్నమాట. అడిగినవాణ్ణి మెచ్చుకోవాలి. ఊరూ పేరూ చెప్పకుండా ‘ఎక్స్ అనుకొనుము’ అని బోర్డు మీద రాసేసి, వెంటనే ఆ శాల్తీని పట్టుకోమంటే ఎలా? పోలీసులైనా ఫిర్యాదు లేనిదే కదలరు కదా!

అందుకని మా క్లాసులో ఎక్స్ గారు మొదట వరండాలోనే ఆగుతారు. ముందు కొంగలు వస్తాయి. పాత లెక్కే. ఎగిరిపోతున్న గుంపును చూసి ఒంటికొంగ “వందమందీ ఎక్కడికి?” అంటుంది. “వందా పాడా! మేమూ, మేమంత మందీ, మాలో సగం, ఆ సగంలో సగం, పైన నువ్వూ కలిస్తే వంద” అంటాయవి. గుంపులో ఎన్ని?

“నలభై!” అని ముందు బెంచీ అరుస్తుంది. నలభై, నలభై, ఇరవై, పది, ఒంటికొంగ: 111. ఎక్కువైంది. “ముప్పై సార్!” సగంలో సగం దగ్గరికొచ్చేసరికి ఏడున్నర కొంగలు. ఆ అరకొంగ ఎలా ఎగురుతుందో ఒకడు చేసి చూపిస్తాడు, క్లాసు గోలగోలవుతుంది. కానివ్వండి. నాలుగుతో భాగించబడే సంఖ్యే కావాలని నా బదులు ఆ అరకొంగే చెప్పేస్తుంది. 36 అన్న జవాబు మాత్రం చాలాసార్లు ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ నుంచి వస్తుంది.

అసలు కుట్ర ఇప్పుడు. వంద చెరిపేసి 408 రాస్తాను. కాసేపు ఊహిస్తారు, కాగితాలు ఖరాబు చేస్తారు, నీరసపడతారు. చివరికి ఎవరో గొణుగుతారు: “దీనికి షార్ట్‌కట్ లేదా సార్?” ఈ మాట కోసమే ఇంత తతంగం. ఇక ఎక్స్ గారిని లోపలికి పిలవొచ్చు. అడిగి పిలిపించుకున్న మనిషికి దక్కే మర్యాద వేరు.

ఆ పేరే ఉండాలనీ లేదు. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ వాడింది డెకార్ట్, 1637లో. అంతకు చాలా ముందే, 12వ శతాబ్దంలో, మన భాస్కరాచార్యుడు మొదటిదాన్ని యావత్తావత్ అన్నాడు, తర్వాతివాటిని నలుపు, నీలం, పసుపు, ఎరుపు అంటూ రంగులతో పిలిచాడు. ఇది చెబితే మావాళ్లు ఒక సినిమా హీరో పేరు పెట్టారు. జవాబు మైనస్ మూడు వచ్చేసరికి అభిమాన సంఘం లేచి నిలబడింది. లెక్క మార్చాల్సి వచ్చింది.

ఇక పక్షాంతరం. సమాన గుర్తు దాటితే ప్లస్ మైనస్ అవుతుందని చెప్పేటప్పుడు ఫిరాయింపుల జోకు వెయ్యాలని నోరు దురద పెడుతుంది: పక్షం మారినవాడికి గుర్తు మారదా మరి! 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం బీజగణితానికి వర్తించదు కదా. జోకు బాగానే పేలుతుంది. ఆనక, మూడు ఎక్స్‌లు 12 అయితే ఎక్స్ ఎంతంటే, మూడును అవతలికి దూకించి, 12లోంచి తీసేసి, ధైర్యంగా 9 అంటారు. దానికన్నా తక్కెడ నయం. ఈ పళ్లెంలోంచి ఎంత తీస్తే ఆ పళ్లెంలోంచీ అంతే తియ్యాలి. ఇక్కడ మూడో వంతు ఉంచితే అక్కడా మూడో వంతే. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక చాలామంది పిల్లలు తక్కెడను న్యాయదేవత చేతిలోనే చూశారు. ఒక బట్టల హ్యాంగరు, రెండు క్యారీబ్యాగులు, కాసిని గోలీలు ఉంటే తక్కెడ తయారు.

మీ ఇంట్లో ఏడో తరగతి పిల్లలుంటే ఈ రాత్రి 408 లెక్క వెయ్యండి. జవాబు 148. దయచేసి మీరు ముందే చెప్పెయ్యకండి.