అక్షరాలా చెడగొట్టడం ఎలా?

చేతికి ఆల్బర్టస్ ఫాంటు దొరికిందా? శుభం. నిండైన ఇంగ్లిష్ అక్షరాలు. టైమ్స్ ఫాంటులోలాగా గీత చివర విడిగా పీట ఉండదు, గీతే కొసకొచ్చేసరికి కొంచెం విచ్చుకుంటుంది. ఇంత మంచి సరుకును పాడుచేయాలంటే ఓపిక కావాలి.

ముందు దాని పుట్టుక మరిచిపోండి. దీన్ని రూపొందించిన బెర్తోల్డ్ వోల్పే జర్మనీలో లోహం మీద చెక్కడం నేర్చినవాడు. అక్షరం చుట్టూ ఉన్న కంచును తొలిచేస్తే అక్షరం ఉబ్బెత్తుగా మిగిలేది. బయటినుంచి లోపలికి కోసిన ఆ పనితనమే ఈ అంచులకు పదును తెచ్చింది. 1932లో అచ్చక్షరాల కంపెనీ మోనోటైప్ సలహాదారు స్టాన్లీ మోరిసన్ ఆ చెక్కడాలు చూసి, వీటిని అచ్చక్షరాలుగా చేసిపెట్టమన్నాడు. పలకల మీద నాలుగు మాటలకోసం పుట్టిన అక్షరాలన్నమాట. కాబట్టి మీరు మూడొందల పేజీల నవల మొత్తం వీటితోనే, ఎనిమిది పాయింట్లలో కంపోజ్ చేయించండి. విచ్చుకున్న కొసలన్నీ సిరా పాకినట్టు కనిపిస్తాయి. పాఠకుడు ఇరవయ్యో పేజీలో కళ్లద్దాలు తుడుచుకుంటాడు, ముప్ఫయ్యో పేజీలో పుస్తకం మూస్తాడు.

వోల్పేకి ఈ కిటుకు తెలియలేదు. 1941లో ప్రచురణ సంస్థ ఫేబర్ అండ్ ఫేబర్‌లో చేరి, 1975 దాకా పదిహేను వందలకు పైగా పుస్తకాలకు అట్టలు వేశాడు. ఆ అక్షరాలనూ, వాటి పోలికతో చేత్తో రాసినవాటినీ అట్ట మీద పేర్లకు పెద్దగా వాడి ఊరుకున్నాడు.

బోల్డ్ రకమే ఎంచుకున్నా సరే, మరోసారి బోల్డ్ బటన్ నొక్కండి. సాఫ్ట్‌వేర్ గీతలన్నిటికీ కండ పట్టించి, చిన్న ‘ఏ’, ‘ఈ’ల కడుపులోని ఖాళీని పూడుస్తుంది. తర్వాత బ్యానర్ వెడల్పుకు సరిపోయేలా అడ్డంగా లాగండి. మన ఫ్లెక్స్ షాపుల్లో ఈ విద్యకు గురువుల కొరత లేదు. పైన బంగారు రంగు, కింద నీడ. అవి చెప్పకపోయినా వేస్తారు.

ఎక్కడ వాడాలి? ప్లేస్కూల్ బోర్డుకు. 1967 నాటి బ్రిటిష్ టీవీ సీరియల్ ‘ది ప్రిజనర్’లో, ‘ఐ’ మీద చుక్క తీసేసి, ‘ఈ’ని కాస్త మార్చి, ఊళ్లో బోర్డులన్నీ ఈ అక్షరాలతోనే పెట్టారు. ఎవరూ తప్పించుకుపోలేని ఊరది! సీరియల్ చూసిన తల్లిదండ్రులు గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు. (కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కైతే నిజంగానే నప్పుతుందేమో.)

లండన్‌లోని ‘సిటీ’ ప్రాంతపు వీధి పలకల మీదా ఆల్బర్టసే. అక్కడ వీధి పేరు తప్ప పెద్దగా ఏమీ రాయరు, చోటు దండగ. మీరు మాత్రం ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబరు, ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’తో సహా అన్నీ ఎక్కించండి. ఇంత చేశాక కూడా బోర్డు చూడముచ్చటగా ఉంటే దోషం మీది కాదు, వోల్పేది.