డాలరుకు ఎన్ని గుర్రాలు

1999 హోండా సివిక్ ఎస్‌ఐ: 1.6 లీటర్ల ఇంజను, 160 హార్స్‌పవర్. ఆక్యూరా ఇంటెగ్రా జీఎస్‌-ఆర్: 1.8 లీటర్లు, 170. ఫోర్డ్ ప్రోబ్ జీటీ: రెండున్నర లీటర్ల వీ6, 164. నిస్సాన్ 240 ఎస్‌ఎక్స్: 2.4 లీటర్లు, 155. హ్యుందాయ్ టిబురాన్: రెండు లీటర్లు, 140. టొయోటా సెలికా జీటీ: 2.2 లీటర్లు, 130. మిత్సుబిషి ఎక్లిప్స్ జీఎస్‌-టీ: రెండు లీటర్లు, టర్బో, 210. పాతికేళ్ళు దాటినా, నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు తప్పు లేకుండా చెబుతాను. 2000 సంవత్సరంలో భీమడోలులో మా ఇంటి శ్లాబు ఎందుకు ఆలస్యమైందో మాత్రం చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఆ ఆలస్యం ఈ అంకెల వల్లే జరిగింది.

మా ఊరు ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్యన ఉంటుంది. ద్వారకా తిరుమల చినవెంకన్న దగ్గరికి వెళ్ళేవాళ్ళు రైలు దిగేది ఇక్కడే. నా చిన్నతనంలో గేటు పడితే కార్లన్నీ వరసగా ఆగేవి. అన్నీ అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, ఆ తర్వాత తర్వాత మారుతీ 800లు. ఏ కారు చూసినా మనుషులు కిక్కిరిసి ఉండేవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, కాళ్ళ దగ్గర సంచులు. 1991లో టాటా సియెర్రా వచ్చింది. వెనక కిటికీ అద్దం పైకప్పు మీదకి వంగి ఉన్న ఆ బండిని మొదటిసారి గేటు దగ్గర చూసినప్పుడు దాని అందం కన్నా నన్ను పట్టుకున్నది ఒక్కటే: రెండే తలుపులు. పికప్పు వ్యాను చట్రం మీద కట్టిన డీజిలు బండి అదని, పరుగు దానికి పెద్దగా లేదని తర్వాత తెలిసింది. రెండు తలుపుల బండి ఉన్నవాడు ఎవర్నీ ఎక్కించుకోనక్కర్లేదు అన్న ఆలోచన మాత్రం అప్పుడే నాలో పడిపోయింది. ఉమ్మడి ఇంట్లో పుట్టి, పెళ్ళికైనా తీర్థానికైనా ఇంకొకరి మోకాలి మీద కూర్చుని వెళ్ళినవాణ్ణి. నాకొక్కడికే చాలే బండి కావాలనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది.

అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా చూసే వైటూకే పని మీద ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌కు వెళ్ళాను. ఇన్సూరెన్సు వాళ్ళ ఊరు అది. పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు లక్షల లైన్లు. ఆ రోజుల్లో అక్కడ తెలుగువాళ్ళకి కొదవ లేదు. దాన్ని ఆనుకునే నార్మల్ అని జంట ఊరు. మిత్సుబిషి, క్రైస్లర్ కలిసి పెట్టిన డైమండ్-స్టార్ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. 1988 నుంచి అందులో కార్లు తయారయ్యేవి. ఎక్లిప్స్ అక్కడే పుట్టింది. పార్కింగులో, పెట్రోలు బంకులో, మా ఆఫీసు ముందు ఎక్కడ చూసినా అవే. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, 2017లో రివియన్ అనే కరెంటు బళ్ళ కంపెనీ కొనుక్కుంది. నా రోజుల్లో మాత్రం ఊరి సగం జీతాలు అక్కడి నుంచే వస్తున్నట్టు ఉండేది.

నాతో ఉన్న తాడేపల్లిగూడెం కుర్రాడు వచ్చిన నెలలోనే పాత కరోలా కొనేశాడు. మాలో దాదాపు అందరిదీ అదే దారి: కరోలా, కామ్రీ, ఎకార్డ్. నేను నోటుబుక్కు తీశాను. శనివారాలు పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని కార్ల పత్రికల పాత సంచికలన్నీ తిరగేసేవాణ్ణి. ఒక్కో కారుకీ ఒక్కో పేజీ. ధర, హార్స్‌పవర్, టార్క్, బరువు, అరవై మైళ్ళ వేగం అందుకోవడానికి పట్టే సెకన్లు. అన్నిటికన్నా చివర నేను సొంతంగా కనిపెట్టిన గడి, ధరను హార్స్‌పవర్‌తో భాగిస్తే వచ్చేది. ఒక్కో గుర్రం ఎన్ని డాలర్లు పడుతుందో అందులో తేలుతుంది.

ఆ కార్ల గురించి ఇప్పుడు కూడా ఇష్టంగానే రాయగలను. సివిక్ ఎస్‌ఐ చిన్న ఇంజనులోంచి లీటరుకు వంద గుర్రాలు తీసింది, టర్బో లేకుండా. కానీ ఆ గుర్రాలన్నీ పైనెక్కడో ఉంటాయి. నిమిషానికి 5,600 తిప్పులు దాటాక గానీ క్యామ్ మారదు, అసలు బలం 7,600 దగ్గర. అంతకు కింద మామూలు సివిక్కే. దాని టార్క్ 111 పౌండ్-అడుగులు, అది కూడా 7,000 తిప్పుల దగ్గర. ఎక్లిప్స్ టర్బో 214 పౌండ్-అడుగులు 3,000 దగ్గరే ఇచ్చేస్తుంది. ఎర్ర దీపం దగ్గర ఆగి కదిలినప్పుడు ఈ తేడా వీపుకి తెలుస్తుంది. ఇంటెగ్రా ఈ గుంపులో అన్నిటికన్నా మంచి కారని నా అభిప్రాయం. స్టీరింగ్ చేతిలో చెప్పినట్టు వింటుంది, గేరు వేయడం ఒక సుఖం. దొంగలకి కూడా అదే ఇష్టం కాబట్టి ఇన్సూరెన్సు ఎక్కువ, పాతదైనా ధర దిగదు. 240 ఎస్‌ఎక్స్‌కి వెనక చక్రాల లాగుడు. నడపడం నేర్చుకోవాలనుకునేవాడికి అంతకన్నా గురువు లేదు, ఇల్లినాయ్ మంచులో మాత్రం అంతకన్నా శత్రువు లేదు. ప్రోబ్ బయటికి ఫోర్డు, లోపల ఇంజను మాజ్డాది. సెలికా చూడ్డానికి గుండ్రటి నాలుగు దీపాలతో ఎంతో ముచ్చటగా ఉంటుంది, కానీ అందులో ఉన్నది కామ్రీకి వాడిన ఇంజనే. పరుగు లేదని దాని పేజీ మీద అడ్డంగా గీత కొట్టేశాను.

నా గడిలో అన్నిటికన్నా ముందు నిలిచింది 1995 ఎక్లిప్స్ జీఎస్‌-టీ, సెకండ్‌హ్యాండ్‌ది. కొనబోయే ముందు నాన్నకు ఫోన్ చేశాను. కాలింగ్ కార్డు నిమిషాలు కరిగిపోతుంటే 210 హార్స్‌పవర్ గురించి చెబుతున్నాను. నాన్న అంతా విని రెండే అడిగాడు.

“ఎవరి దగ్గర కొంటున్నావురా? వాడు ఎందుకు అమ్మేస్తున్నాడు?”

ఎవరో స్టూడెంటు, ఊరు మారుతున్నాడు అన్నాను. “అతను కొన్నాక బాగా చూసుకున్నాడా? కాగితాలేమన్నా ఉన్నాయా?” అన్నాడు. ఇక్కడ అలాంటివి ఎవరూ చూడరు నాన్నా, కంప్యూటర్లోనే అన్నీ ఉంటాయి అన్నాను. అది అబద్ధం. నేను అడగలేదు, అంతే. మా వైపు పాడిగేదెను కొనేవాడు రెండు పూటలా దగ్గరుండి పాలు పితికించి చూస్తాడు, ఎన్నో ఈత అని అడుగుతాడు, దూడను చూస్తాడు, అమ్మేవాడి మొహం చూస్తాడు. నాన్న కారు గురించి అడిగినవి అవే ప్రశ్నలు. కారు తెలియని పల్లెటూరి మనిషి ప్రశ్నలుగా నాకు వినిపించాయి. నా నోటుబుక్కులో వాటికి గడి లేదు.

కొన్నాను. ఆ కారు నాకిచ్చిన సంతోషాన్ని తక్కువ చేసి రాయను. రాత్రి షిఫ్టు అయ్యాక ఐ-55 మీదకి ఎక్కే వంపులో రెండో గేరులో కాలు నొక్కితే ఒక క్షణం ఏమీ ఉండదు, తర్వాత టర్బో అందుకుంటుంది, సీటు మనిషిని ముందుకు తోస్తుంది. ఇటూ అటూ మొక్కజొన్న చేలు, పైన ఆకాశం, పక్క సీటు ఖాళీ. గేటు దగ్గర నిలబడి కోరుకున్నది అచ్చంగా అదే.

1999 డిసెంబరు 31 రాత్రి అందరం ఆఫీసులోనే ఉన్నాం. ఏదీ ఆగలేదు, ఏదీ తప్పలేదు. రెండంకెల సంవత్సరాలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో వెతికి వెతికి సరిచేసినందుకు అందరితో చేతులు కలిపారు. ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాములో గడువు తీరే తేదీ ఎక్కడుందో కనిపెట్టడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి నా సొంత కారుకి ఒక్క తేదీ అడగలేదు. దాని టైమింగ్ బెల్టు అరవై వేల మైళ్ళకి మార్చాలని కంపెనీ ఇచ్చిన పుస్తకంలో స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలోనే ఉంది. మీటరు అప్పటికే డెబ్బై వేలకు దగ్గర్లో ఉంది. కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది వారాలకే, మంచు కురుస్తున్న ఒక సాయంత్రం, హైవే మీద ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆ ఇంజనులో కింద క్రాంక్‌షాఫ్టునీ పైన క్యామ్‌షాఫ్టులనీ కలిపి తిప్పేది పళ్ళున్న ఒక రబ్బరు బెల్టు. పిస్టన్ పైకి వచ్చే వేళకి వాల్వులు పక్కకి తప్పుకోవాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఆ బెల్టే. అది తెగితే వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పిస్టన్లు అదే వేగంతో వచ్చి వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి. మెకానిక్ వంగిన వాల్వులు బల్ల మీద పరిచి చూపించాడు. కారులో లోపమేమీ లేదు, బెల్టు తన ఆయుష్షుకు మించి పనిచేసింది, అన్నాడు. నిజం.

అప్పుడు చూశాను మిగతా కార్ల సంగతి. 240 ఎస్‌ఎక్స్‌కి బెల్టే లేదు, ఇనప గొలుసు. నేను గీత కొట్టేసిన సెలికాకి బెల్టు తెగినా వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలవు. కొత్త బెల్టు వేసుకుని ఇంటికి పోవచ్చు. హోండాలవి తెగితే వంగే రకమే, కాకపోతే మార్చాల్సిన గడువు ఎక్కువ. ఈ ఒక్క గడి నా నోటుబుక్కులో ఉండి ఉంటే వరస మొత్తం తిరగబడేది. కారు కొత్తదిగా ఉన్న రోజున చేయగలిగినదాన్ని పోల్చాను. నా చేతికి వచ్చే రోజుకి దాని ఒంట్లో ఏం మిగిలిందో పోల్చలేదు. సెకండ్‌హ్యాండ్ కార్ల మధ్య పోటీ పెట్టడానికి కొత్త కార్ల అంకెలు పనికిరావు. ఇంత మామూలు సంగతి నాకు తట్టలేదు. నాన్నకు మొదటి నిమిషంలోనే తట్టింది.

బాగుచేయించడానికి అయింది మన డబ్బులో లక్ష పైమాట. ఆ డబ్బు శ్లాబు కోసం దాచింది. భీమడోలులో పిల్లర్లు లేచి ఉన్నాయి, వానలు రాకముందే శ్లాబు వేయాలి. నాన్నకు కొల్లేటి సరస్సులో ఆగడాలలంక వైపు లీజుకు తీసుకున్న చేపల చెరువు తప్ప వేరే రాబడి లేదు. ఆ ముందు అక్టోబరులోనే ప్రభుత్వం కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటిస్తూ జీవో ఇచ్చింది. చెరువులు ఉంటాయో తీసేస్తారో తెలియక అందరూ బెదిరిపోయి ఉన్నారు. అలాంటి సమయంలో నేను ఫోన్లో, ప్రాజెక్టు మారుతోంది, జీతం ఆలస్యంగా వస్తోంది, వచ్చే నెల తప్పకుండా పంపుతాను అని చెప్పాను. ఆ మరుసటి నెల కూడా అదే చెప్పాను. కారు సంగతి చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పినవాణ్ణి, ఆ అబద్ధం బయటపడకుండా ఇంకోటి చెప్పాను. వానలు వచ్చాయి. శ్లాబు దసరా అయ్యాక పడింది, అది కూడా నాన్న ఎక్కడో అప్పు తెచ్చి.

ఆ చలికాలంలోనే ఎక్లిప్స్‌ని అమ్మేశాను. కొన్న అబ్బాయికి బెల్టు రసీదు, ఇంజను రసీదు అన్నీ చేతికిచ్చి, జరిగినదంతా చెప్పాను. ధర తగ్గింది, తగ్గనిచ్చాను. 2001 జూన్‌లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ విడుదలైంది. అందులో ఆకుపచ్చ ఎక్లిప్స్‌ని చూసి కుర్రాళ్ళంతా దాని వెంటపడ్డారు. ఇప్పుడైతే ఆ కాలపు ఇంటెగ్రా టైప్-ఆర్‌లు వేలంలో కొత్తప్పటి ధరకు రెండు మూడు రెట్లు పలుకుతున్నాయి. ఆ వేలాల వివరాలు నేను శ్రద్ధగా చదువుతాను. హార్స్‌పవర్ ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఎంతమంది చేతులు మారింది, బెల్టు ఎప్పుడు మార్చారు, రసీదులున్నాయా అన్నదే పేజీల కొద్దీ ఉంటుంది.

2001 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. అప్పటికి నా దగ్గర ఉన్నది 1998 కరోలా, బెల్టు బదులు గొలుసున్న మొదటి ఏడాది బండి. ఎక్లిప్సే ఉండి ఉంటే మోకాళ్ళ నొప్పుల మనిషి మా అమ్మని అందులో వెనక ఎక్కించగలిగేవాణ్ణి కాదు. ఒక ఆదివారం చికాగో దగ్గర అరోరాలో ఉన్న బాలాజీ గుడికి బయల్దేరాం. రెండు గంటల దారి. నాన్న ముందు సీట్లో కూర్చుని చేలు చూస్తున్నాడు. అక్కడ చెప్పేశాను. కారు కొన్నప్పుడు అబద్ధం చెప్పానని, జీతం ఏమీ ఆలస్యం కాలేదని, శ్లాబు డబ్బు ఇంజనుకి పోయిందని.

నాన్న కోప్పడలేదు. “ఇంజనుకి ఎంతయింది?” అన్నాడు. చెప్పాను. కాసేపు లెక్క వేసుకున్నాడు.

“అది పోయిన డబ్బు, ఎలాగూ పోయింది. పంపలేనని అప్పుడే ఒక మాట చెప్పుంటే మీ మావయ్య దగ్గర రూపాయిన్నర వడ్డీకి దొరికేది. అడిగితే ఇస్తానన్నాడు కూడా. నువ్వు పంపుతానన్నావని నేనే వద్దన్నాను. మావయ్య ఆ డబ్బు పొలానికి పెట్టేశాడు. ఆఖర్న చేపల కమీషన్ ఏజెంటు దగ్గర మూడు రూపాయలకి తెచ్చాను. పట్టుబడి సరుకు మొత్తం తనకే వెయ్యాలన్నాడు, సరేనన్నాను.”

కిలోకి ఎంత తగ్గించి తీసుకున్నాడు నాన్నా అని అడిగాను. చెప్పాడు. ఆ షరతు ఇంకా నడుస్తోందట, వచ్చే పట్టుబడి కూడా అతనికే వెయ్యాలట. వెనక సీట్లోంచి అమ్మ, ఆ సంగతి వాడికి ఇప్పుడెందుకండీ అంది. ఇద్దరికీ మొదటినుంచీ తెలిసిన లెక్క అది. నేను ఆ రోజే విన్నాను.